పాత టేకు బల్లను, చవక టీవీ యూనిట్‌ను ఖరీదైన ఫర్నిచర్‌లా తీర్చిదిద్దడం ఎలా

తాతయ్య రాసుకున్న టేకు బల్ల మా ఊళ్ళో ఇంటి వెనక వసారాలో ఏళ్ళ తరబడి పడి ఉండేది. కొన్నాళ్ళు దాని మీద వడ్ల బస్తాలు పెట్టారు, తర్వాత మోటారు సామాన్లు పెట్టారు. ఎప్పుడో ఎవరో దానికి గోధుమరంగు ఎనామిల్ పెయింటు కొట్టారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లు కొనేవాళ్ళు దానికి కట్టెల ధర చెప్పారు. సొరుగు లాగి తిరగేసి చూస్తే, పెయింటు తగలని అడుగు భాగం తేనె రంగులో ఉంది, నార (చెక్కలో సహజంగా ఉండే గీతలు) సన్నగా, దగ్గర దగ్గరగా ఉంది. ఆ బల్ల ఇప్పుడు హైదరాబాదులో మా హాల్లో కిటికీ పక్కన ఉంది. అమ్మ వచ్చినప్పుడల్లా అటు నడుస్తూ దాని అంచు మీద చెయ్యి ఆనించి వెళ్తుంది.

ఆ బల్లతో మొదలుపెట్టి తర్వాత రెండు కుర్చీలు, ఒక స్టీల్ బీరువా, ఒక పార్టికల్ బోర్డు టీవీ యూనిట్ బాగుచేసుకున్నాను. వీటన్నిటిలో నాకు అర్థమైంది ఒకటే. వస్తువు ఖరీదైనదా కాదా అన్నది ముందుగా చేతికి తెలుస్తుంది. నునుపైన తలం, వంకర లేని అంచు, కదలని కాళ్ళు, సాఫీగా జారే సొరుగు ఉంటే పాత బల్ల కూడా గొప్పగా కనిపిస్తుంది. ఇవి లేకుండా ఎంత మెరిసే పాలిష్ వేసినా ఆ మెరుపులో లోపాలే ఎక్కువ కనబడతాయి. అందుకే ఈ వ్యాసంలో పూత కంటే దాని ముందు చేసే పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు అది ఏ చెక్కో తెలుసుకోండి

సొరుగు బయటికి లాగి, వెనక వైపు, అడుగు వైపు చూడండి. అసలు చెక్కయితే పైతలం మీద గీతలు అంచు దాటి చివరి కోతలోకి కొనసాగుతాయి. ప్లైవుడ్ అయితే అంచున పొరలు కనిపిస్తాయి. పార్టికల్ బోర్డు అయితే అంచు పట్టీ ఊడిన చోట రంపపు పొట్టు నొక్కినట్టు ఉంటుంది. టేకును గుర్తుపట్టాలంటే కనబడని చోట కొంచెం గరుకు కాగితంతో రుద్ది వాసన చూడండి. నూనె, తోలు కలిసినట్టుండే ఆ వాసన ఒకసారి తెలిస్తే మర్చిపోరు.

ప్లైవుడ్ మీద అతికించిన టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) విషయంలో జాగ్రత్త. ఆ పొర మందం సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటూ. మిషన్ పెట్టి రుద్దితే నిమిషంలో పొర పోయి కింద ప్లైవుడ్ బయటపడుతుంది. దాన్ని మళ్ళీ కప్పడం కుదరదు. వెనీర్‌ను చేత్తో మాత్రమే, 180 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి (నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది), తేలిగ్గా రుద్దాలి.

ఏది వదిలేయాలి? నీళ్ళకు ఉబ్బి లోపలంతా మెత్తబడ్డ పార్టికల్ బోర్డు, చెదలు లోపల తినేసి తట్టితే డొల్ల శబ్దం వచ్చే చెక్క. వీటి మీద శ్రమ పెట్టకండి.

కాలం, చోటు

చెక్క పాలిష్ పని జనవరి నుంచి మే లోపు పెట్టుకుంటే సగం ఇబ్బందులు రావు. నేను మొదటి కుర్చీకి ఆగస్టులో, వాన పడుతున్న రోజున లక్క పాలిష్ వేశాను. గంటలో పైన తెల్లటి పొగమంచు లాంటి పొర వచ్చింది. లక్కను కరిగించే స్పిరిట్ (ఆల్కహాల్) ఆవిరయ్యేటప్పుడు తలం చల్లబడి గాలిలోని తేమ పూతలోకి చేరుతుంది, అందుకే ఆ తెలుపు. ఎండ వచ్చిన రోజున స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒకసారి తేలిగ్గా తుడిస్తే చాలావరకు పోయింది, కానీ ఆ రెండు వారాలు పడ్డ టెన్షన్ మీకు వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్ళు పొద్దున తేమ తగ్గాక, పది గంటల తర్వాతే పూత మొదలుపెట్టండి.

బాల్కనీ గానీ మేడ మీద నీడ గానీ మంచిది. స్పిరిట్, టర్పెంటైన్, థిన్నర్ అన్నీ మంట అంటుకునేవే. పక్క గదిలో దీపం వెలుగుతున్నా, అగరబత్తి ఉన్నా పని మొదలుపెట్టకండి.

కడగడం, పురుగు చూడడం

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డను గట్టిగా పిండి తుడవండి. తడి నిలవకూడదు. ఆరాక టర్పెంటైన్ అద్దిన గుడ్డతో మరోసారి తుడిస్తే పాత మైనం, వంటింటి జిడ్డు వదులుతాయి. ఈ జిడ్డు ఉండగానే గరుకు కాగితం పట్టిస్తే అది చెక్క రంధ్రాల్లోకి దిగి, తర్వాత పాలిష్ అక్కడ పట్టదు.

చిన్న చిన్న రంధ్రాలు, వాటి కింద పిండి లాంటి పొడి కనిపిస్తే పుచ్చు పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. రంధ్రాలున్నా పొడి రాలకపోతే పాతది కావచ్చు. కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు చూడండి. టేకులో చేవ భాగాన్ని (లోపలి ముదురు చెక్కను) పురుగు తేలిగ్గా ముట్టదు, అంచుల్లో ఉండే తెల్లటి భాగాన్నే తింటుంది. కలప కోసం అమ్మే పురుగు మందును సిరంజితో ప్రతి రంధ్రంలోకీ ఎక్కించి, వస్తువును ప్లాస్టిక్ షీటుతో చుట్టి కొన్ని రోజులు ఉంచండి. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. పిల్లలున్న ఇంట్లో ఈ పని మేడ మీదే చెయ్యాలి.

కదిలే జాయింట్లు

కుర్చీ ఊగుతుంటే చాలామంది చేసే పని ఒక మేకు కొట్టడం. దయచేసి ఆ పని చెయ్యకండి. మేకు చెక్కను చీలుస్తుంది, నాలుగు నెలల్లో మళ్ళీ వదులవుతుంది, ఆ తర్వాత సరైన రిపేరుకు కూడా చోటుండదు. మా కుర్చీల్లో ఒకదానికి ఒక వడ్రంగి కొట్టిన మూడు మేకులు తీయడానికే ఒక పూట పట్టింది.

జాయింటును పూర్తిగా విడదీయండి. రబ్బరు సుత్తితో, లేదా మామూలు సుత్తికి కింద చెక్కముక్క పెట్టి, నెమ్మదిగా కొడితే ఊడుతుంది. ఊడే ముందు ప్రతి ముక్కకూ టేపు అతికించి నంబరు వెయ్యండి. లోపల ఎండిపోయిన పాత జిగురును ఉలితో, గరుకు కాగితంతో పూర్తిగా గీకెయ్యాలి, ఎందుకంటే కొత్త జిగురు పాత జిగురు మీద పట్టదు. గూడు మరీ వదులుగా ఉంటే లోపల దూరే ముక్కకు సన్నటి చెక్క పలక అతికించి బిగువుగా చెయ్యండి. ఫెవికాల్ రెండు వైపులా రాసి కూర్చండి.

క్లాంపులు లేకపోతే తాడు చాలు. కుర్చీ కాళ్ళ చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. మెలి పెరిగేకొద్దీ జాయింటు బిగుస్తుంది. తాడు తగిలే చోట గుడ్డముక్కలు పెట్టండి. బయటికి ఉబికిన జిగురును వెంటనే తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే అక్కడ రంగు గానీ పాలిష్ గానీ ఎక్కక తెల్లగా మిగిలిపోతుంది. నాలుగు కాళ్ళూ నేల మీద సమంగా ఆనుతున్నాయో లేదో బిగించినప్పుడే చూసుకోండి. తర్వాత ఒక రోజు ముట్టుకోకండి.

పాత పూత ఏమిటో కనుక్కుని తీయడం

కనబడని చోట స్పిరిట్ అద్దిన దూదితో నిమిషం రుద్దండి. జిగురుగా మారి దూదికి గోధుమరంగు అంటితే అది లక్క పాలిష్. థిన్నర్‌కు కరిగితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్. రెండింటికీ కదలకపోతే మెలమైన్, పీయూ (పాలియురేథేన్), లేదా ఎనామిల్ లాంటిది.

లక్క పాలిష్ అయితే మీ అదృష్టం. దాన్ని మొత్తం తీసేయాల్సిన పని లేదు. శుభ్రం చేసి, 320 కాగితంతో తేలిగ్గా గరుకు చేసి, దాని మీదే కొత్త లక్క పూత వేస్తే పాతది కొంచెం కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. మెలమైన్, పీయూ లాంటి పూతల్లో పాత పొరా కొత్త పొరా ఇలా ఒకటి కావు.

పాత ఎనామిల్ పెయింటు విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. మన దేశంలో ఇళ్ళలో వాడే పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు) పరిమితం చేస్తూ 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పెయింటులో సీసం ఎక్కువగా ఉండవచ్చు. దాన్ని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అందుకని జెల్ రూపంలో దొరికే పెయింట్ రిమూవర్ మందంగా పూసి, మీద పాలిథిన్ షీటు కప్పి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి, మొద్దు పుట్టీ బ్లేడుతో నార వెంట గీకండి. గీకినదంతా కాగితంలో చుట్టి విడిగా పారెయ్యండి. రిమూవర్ గాలి ఆడే చోట మాత్రమే వాడాలి, చేతికి మందపాటి గ్లౌజులు ఉండాలి. చెక్కడం పనిలో ఇరుక్కున్న పెయింటుకు పాత టూత్‌బ్రష్షు, వెదురు పుల్ల బాగా పనికొస్తాయి. కొందరు చవకగా ఉందని కాస్టిక్ సోడా నీళ్ళు పోస్తారు, దానికి టేకు నల్లబడిపోతుంది.

తాతయ్య బల్లకు ఈ పని మూడు రోజులు పట్టింది. రెండో రోజు సాయంత్రం పైపలక మీద ఒక మూల సిరా మరక బయటపడింది. దాన్ని అలాగే ఉంచేశాను.

గరుకు కాగితం (ఎమరీ పేపర్) పని

వస్తువు అందం తేలేది ఇక్కడే, అందరూ తొందరపడేది కూడా ఇక్కడే.

పూత తీసిన చెక్కకు 80 లేదా 100 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 వరకు వెళ్ళాలి. మధ్యలో నంబరు దాటెయ్యకండి. 80 వదిలిన గీతలను 120 తీస్తుంది, 120 వదిలినవి 180 తీస్తుంది. 80 నుంచి నేరుగా 220కి వెళ్తే చేతికి నున్నగా అనిపిస్తుంది గానీ, పాలిష్ పడగానే లోతు గీతలన్నీ పైకి తేలతాయి. టేకుకు 220 దగ్గర ఆగిపోవచ్చు.

కాగితాన్ని చేతివేళ్ళతో పట్టి రుద్దితే వేళ్ళ కింద గుంటలు పడతాయి. అరచేతిలో ఇమిడే చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దండి. ఎప్పుడూ నార వెంటే రుద్దాలి. అడ్డంగా పడ్డ ఒక్క గీతను తీయడానికి పది నిమిషాలు పడుతుంది.

నేను ప్రతి నంబరుకూ ముందు పైపలక మీద పెన్సిల్‌తో తేలిగ్గా అడ్డదిడ్డంగా గీతలు గీస్తాను. అవన్నీ చెరిగేదాకా రుద్దితే అన్ని చోట్లా సమానంగా రుద్దినట్టు. చివర్లో గది చీకటి చేసి, ఫోను టార్చిని పలకకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి చూడండి. ట్యూబులైటు కింద కనబడని గుంటలు, గీతలు అన్నీ నీడలుగా కనిపిస్తాయి.

220 అయ్యాక తడి గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. చెక్క మీద సన్నటి నూగు లేస్తుంది. దాన్ని మళ్ళీ 220తో రెండు మూడు సార్లు మాత్రమే తేలిగ్గా రుద్దండి. ఇప్పుడు లేవాల్సిన నూగు లేచిపోయింది కాబట్టి పాలిష్ వేసినప్పుడు గరుకు తేలదు.

అంచుల మాట. పాత వడ్రంగులు చిత్రికతో తీసిన అంచు నిటారుగా, తీరుగా ఉంటుంది. మిషన్‌తో అడ్డదిడ్డంగా రుద్ది దాన్ని గుండ్రం చేసేస్తే వస్తువు రూపమే పోతుంది. చేతికి గుచ్చుకోకుండా 220తో రెండు సార్లు అంచు మీద లాగితే చాలు.

టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దురద, గొంతులో మంట తెస్తుంది. ఎన్95 మాస్కు పెట్టుకోండి.

మరకలు, లప్పం, రంగు

ఇనుప మేకుల చుట్టూ వచ్చే నల్ల మరకలు రుద్దితే పోవు, లోతుగా దిగి ఉంటాయి. కెమికల్ షాపులో దొరికే ఆక్సాలిక్ యాసిడ్ పొడి ఒక చెంచా గ్లాసు వేడినీళ్ళలో కలిపి బ్రష్షుతో పూసి, మరక తేలిపోయాక రెండు మూడు సార్లు మంచినీళ్ళతో తుడవండి. ఒక్క మరక మీదే పూస్తే అక్కడ మచ్చగా తెల్లబడుతుంది, పలక మొత్తానికి పూయండి. ఇది విషం. గ్లౌజులు వేసుకోండి, ఎండాక మిగిలిన పొడిని పీల్చకండి, వంటింటి గిన్నెల్లో కలపకండి.

చిన్న రంధ్రాలకు అదే చెక్క రంపపు పొట్టును లక్క ద్రావణంలో ముద్దచేసి నింపితే రంగు దగ్గరగా కలుస్తుంది. ఫెవికాల్‌తో కలిపిన పొట్టు గట్టిగానే ఉంటుంది గానీ ఆ చోట రంగు పట్టక లేతగా మిగులుతుంది. పాలిష్ పనివాళ్ళు సుద్ద పొడిలో రంగు కలిపి చేసే లప్పాన్ని పలక మొత్తానికి పట్టించి చెక్క రంధ్రాలన్నీ మూసేస్తారు. అద్దంలా మెరవాలంటే అది కావాలి. నాకు రంధ్రాలు తెరిచి ఉన్న టేకే ఇష్టం. చెయ్యి వేస్తే చెక్కలాగే అనిపిస్తుంది, గీత పడ్డా అంతగా కనబడదు.

పాత టేకుకు వాల్‌నట్ రంగో, మహాగని రంగో వెయ్యమని షాపువాళ్ళు సలహా ఇస్తారు. వెయ్యకండి. దశాబ్దాల పాటు వెలుగు తగిలి వచ్చిన ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. రబ్బరు కలప, పైన్ లాంటి లేత చెక్కలకైతే రంగు వాడండి, ముందు అడుగు భాగంలో పరీక్షించి చూడండి.

లక్క పాలిష్

లక్క పురుగు చెట్ల కొమ్మల మీద వదిలే పదార్థమే లక్క. మన దేశంలో ఎక్కువగా ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు చేసేవాళ్ళు అదే లక్కను తిరిగే చెక్కకు అదిమి, రాపిడి వేడికి కరిగించి పట్టిస్తారు. బల్లలకు మనం దాన్నే స్పిరిట్‌లో కరిగించి వాడతాం.

పలుకులుగా దొరికే చపడా లక్క 100 గ్రాములు అర లీటరు స్పిరిట్‌లో వేసి రాత్రంతా నానబెట్టండి. గాజు సీసాలో గానీ ప్లాస్టిక్ డబ్బాలో గానీ కలపండి. ఇనుము తగిలితే లక్క నల్లబడుతుంది. పొద్దున పాత పంచె గుడ్డలో వడకట్టండి. కలిపినది ఆరు నెలల లోపు వాడేయాలి, పాతబడితే ఆరకుండా జిగటగా ఉండిపోతుంది.

టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పూతకు ముందు థిన్నర్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మొదటి రెండు పూతలు మెత్తటి బ్రష్షుతో, నార వెంట, ఒక్క లాగుడులో వెయ్యండి. వేసిన చోటే మళ్ళీ మళ్ళీ బ్రష్షు తిప్పితే కింద పొర కరిగి చారలు పడతాయి. గంట ఆగి 320తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, రెండో పూత వెయ్యండి.

తర్వాత గుడ్డ మూటతో వెయ్యాలి. దూదిని ఉల్లిపాయంత ఉండ చేసి, ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డలో చుట్టండి. గుడ్డ విప్పి దూది మీదే లక్క పోసి, మళ్ళీ చుట్టి, కాగితం మీద నొక్కి చూడండి. తడి కనబడాలి, కారకూడదు. మూట అడుగున అవిసె నూనె ఒక చుక్క రాస్తే జారుతుంది. మొదట చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు, తర్వాత ఎనిమిది అంకె వేసినట్టు, చివర నార వెంట నేరుగా తిప్పండి. మూట ఎక్కడా ఆగకూడదు, ఆగితే అంటుకుని గుడ్డ ముద్ర పడుతుంది. బల్ల అంచు నుంచి లోపలికి వస్తూ మొదలుపెట్టి అవతలి అంచు దాటి వెళ్ళిపోవాలి, విమానం దిగి మళ్ళీ ఎగిరినట్టు.

ఒక రోజులో ఎక్కువ పొరలు వెయ్యకండి. అరగంట వేసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ వెయ్యండి. అలా నాలుగైదు రోజులు చేస్తే లోతైన, మెత్తని మెరుపు వస్తుంది. చివరి రోజు మూటలో లక్క లేకుండా స్పిరిట్ మాత్రం కొద్దిగా అద్ది, తడీ పొడిగా, వేగంగా నార వెంట లాగితే పైన మిగిలిన నూనె పోతుంది.

అవిసె నూనె తగిలిన గుడ్డలను ఉండగా చుట్టి పడెయ్యకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, ఆ ఉండకు తనంతట తానే మంట అంటుకోవచ్చు. గుడ్డలను విడివిడిగా తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి.

లక్కకు ఒక పెద్ద బలహీనత ఉంది: వేడి కాఫీ గ్లాసు, నీళ్ళు, శానిటైజర్ దాన్ని పాడు చేస్తాయి. అందుకే రాసుకునే బల్లలకు, అలమారాలకు, కుర్చీలకు అది బాగుంటుంది. అన్నం తినే బల్లకు రెండు భాగాలు కలిపి వేసే పీయూ పాలిష్ మేలు. దాన్ని స్ప్రే చేసేటప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి, సరైన మాస్కులు ఉన్న అనుభవజ్ఞుడైన పాలిష్ పనివాడి చేత వేయించండి. ఆయనతో మూడు మాటలు ముందే చెప్పుకోండి: రెండు సీలర్ పూతలు (చెక్క రంధ్రాలు మూసే అడుగు పూతలు), పూతకూ పూతకూ మధ్య 320 కాగితం, చివర సెమీ మ్యాట్ (తక్కువ మెరుపు). గ్లాసీ అడిగితే ప్లాస్టిక్ తొడుగు వేసినట్టుంటుంది.

పిడులు, సొరుగులు

పాత ఇత్తడి పిడులుంటే మార్చకండి. చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి రుద్ది, కడిగి, వెంటనే పొడిగా తుడవండి. పూర్తిగా తళతళలాడించక్కర్లేదు, మూలల్లో కొంచెం నలుపు ఉంటేనే చెక్కడం తేలుతుంది.

కొత్తవి కొనేటట్టయితే ముందు రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి. బజారులో ఎక్కువగా దొరికేవి 96, 128 మిల్లీమీటర్లవి. ఆ కొలతకు దొరికితే కొత్త రంధ్రాలు చెయ్యక్కర్లేదు. చిన్న సొరుగులకు ఏటికొప్పాక పనివాళ్ళ చేత గుండ్రటి లక్క గుబ్బలు చేయించుకోవచ్చు. టేకు పక్కన ఆ ఎరుపు, పసుపు ఎంత బాగుంటాయో చూస్తేనే తెలుస్తుంది.

సొరుగు పట్టేస్తుంటే జారే పట్టీల మీద కొవ్వొత్తి రుద్దండి. లోపల మెత్తటి గుడ్డ గానీ, చేత్తో తయారుచేసిన కాగితం గానీ పరవండి.

చవక పార్టికల్ బోర్డు యూనిట్

ఇది వేరే పని. ఇక్కడ చెక్క లేదు కాబట్టి దాన్ని చెక్కలా చూపించాలని ప్రయత్నించకండి, మంచి పెయింటు వేసిన ఫర్నిచర్‌లా చెయ్యండి.

తలుపులు, పిడులు ఊడదీసి నంబర్లు వెయ్యండి. ఉబ్బిన అంచులను ఎండలో ఆరబెట్టి, రుద్ది చదును చేసి, పల్చటి జిగురు పీల్చుకునేలా పూసి, ఆరాక పుట్టీతో సరిచెయ్యండి. పాత పిడుల రంధ్రాలు కూడా పుట్టీతో మూసేయండి. లామినేట్ (బోర్డు మీద అతికించిన నునుపు పొర) మీద 220తో మెరుపు పోయేంత వరకే రుద్దాలి. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, నునుపు తలాలకు అంటుకునే ప్రైమర్ వెయ్యండి. మామూలు వుడ్ ప్రైమర్ వేస్తే నెల తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. ఒక రోజు ఆరాక బ్లేడుతో చిన్న గుణకారం గుర్తు గీసి, టేపు అతికించి లాగండి. ప్రైమర్ ఊడి వస్తే మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సిందే. పెయింటు అయ్యాక ఊడడం కంటే అది నయం.

నీళ్ళతో కలిపే ఎనామిల్‌ను స్పాంజి రోలరుతో మూడు పల్చటి పూతలు వెయ్యండి, మధ్యలో 400 కాగితం. ఒకే రంగు, మ్యాట్ లేదా శాటిన్. ముదురు ఆకుపచ్చ, సిరా నీలం, ఎర్రమట్టి రంగులు బాగుంటాయి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అందాకా బరువులు పెట్టకండి.

అన్నిటికంటే పెద్ద మార్పు కాళ్ళు పెట్టడం. మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డ పెడతాం. నేలకు ఆనిన పార్టికల్ బోర్డు ఆ తడి పీల్చి అడుగునుంచే పాడవుతుంది. 10 నుంచి 15 సెంటీమీటర్ల టేకు కాళ్ళు పెడితే ఆ సమస్య పోతుంది, వస్తువు తేలికగా, ఖరీదుగా కనిపిస్తుంది. పార్టికల్ బోర్డులో స్క్రూలు నిలవవు. ముందు అడుగున ప్లైవుడ్ పట్టీలు అతికించి, వాటికి కాళ్ళు బిగించండి. వెనక ఉన్న పల్చటి హార్డ్‌బోర్డు తీసి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొడితే ఊగడం ఆగిపోతుంది.

స్టీల్ బీరువా

తుప్పును వైరు బ్రష్షుతో, 80 కాగితంతో తీసి, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వెయ్యాలి, లేకపోతే మర్నాటికి మళ్ళీ తుప్పు మొదలవుతుంది. సొట్టలకు మెటల్ పుట్టీ పెట్టి నీళ్ళతో 320 పట్టించండి. పై రంగు మాత్రం కార్లకు పెయింటు వేసే షెడ్డుకు తీసుకెళ్ళి స్ప్రే చేయించండి. బ్రష్షుతో ఆ నునుపు రాదు.

పేము కుర్చీలు

1950ల్లో చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల కోసం స్విస్ వాస్తుశిల్పి పియెర్ జన్నరే రూపకల్పనలో టేకు, పేముతో కుర్చీలు చేశారు. తర్వాత వాటిని పాత సామానుగా వదిలించుకున్నారు. అవే ఇప్పుడు విదేశీ వేలంపాటల్లో లక్షల్లో అమ్ముడవుతున్నాయి. మన ఇళ్ళలో, బడుల్లో మూలన పడి ఉన్న పేము కుర్చీలను చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

కుర్చీ చట్రంలో గాడి ఉంటే అల్లిన పేము షీటు మీరే బిగించవచ్చు. షీటును గాడి కంటే అన్ని వైపులా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో అరగంటకు పైగా నానబెట్టండి. గాడిలో జిగురు వేసి, మెరిసే వైపు పైకి ఉంచి, మొద్దు చెక్క చీలికతో అన్ని పక్కలా లోపలికి నొక్కి, పైన పేము పట్టీ కొట్టండి. మొదట వదులుగానే ఉంటుంది, ఆరేకొద్దీ డోలు చర్మంలా బిగుస్తుంది. రెండు రోజులు కూర్చోకండి. గాడి లేకుండా చట్రంలో వరుస రంధ్రాలుంటే అది చేతి అల్లిక, అల్లేవాళ్ళకే ఇవ్వండి. కొన్నేళ్ళకు సీటు కుంగితే అడుగు వైపు తడిగుడ్డ పెట్టి ఆరనివ్వండి, చాలావరకు మళ్ళీ బిగుస్తుంది.

పాలిష్ అయ్యాక

లక్క పాలిష్ వేసిన బల్ల మీద మూడు నాలుగు వారాల దాకా అద్దం పెట్టకండి, తర్వాత పెట్టినా మధ్యలో ఫెల్ట్ ముక్కలు ఉంచండి. నెల గడిచాక తేనె మైనం ఒక పాలు, టర్పెంటైన్ మూడు పాళ్ళు కలిపి పల్చగా రాసి, పావుగంట ఆగి నూలు గుడ్డతో గట్టిగా తుడవండి. మైనాన్ని కరిగించడానికి గిన్నెను మరిగించిన నీళ్ళలో ఉంచండి. టర్పెంటైన్‌ను మాత్రం స్టవ్వు ఆపేసి, బయటికి తీసుకెళ్ళాకే కలపండి. ఏడాదికి ఒకసారి, దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఇది చేస్తే చాలు. ఎప్పుడైనా గ్లాసు పెట్టి తెల్లటి వలయం పడితే, ఒక రోజు ఆగండి, కొన్ని దానంతట అవే తగ్గుతాయి. తగ్గకపోతే గుడ్డకు స్పిరిట్ తగిలీ తగలనట్టు అద్ది, ఆ వలయం మీద ఒక్కసారి గాలిలో ఊపినట్టు తాకించి తీసేయండి.